ఒకే కేబులు, ఇద్దరు వెంకటరమణలు

రండి నాయనా, ఇట్లా అరుగు మీదికి రండి. పాపా, ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టమ్మా. పాత కంప్యూటర్లో రెండో హార్డ్ డిస్కు బిగిస్తే అది ఎందుకు పేచీ పెడుతుందో చెప్పమని కదా అడిగినారు? చెప్తా. ముందు ఒక మాట చెవిన వేసుకోండి. కొత్త డిస్కు తగిలించినాక కంప్యూటరు మొరాయిస్తే చాలామంది ‘డిస్కు పోయింది’ అనేస్తారు. ఎక్కువసార్లు అది పోయి ఉండదు. నువ్వెవరు, నేనెవరు అన్నది తేలక నిలబడిపోయి ఉంటుంది. ఆ సంగతి మూడు చోట్ల తేలాలి. తీగ దగ్గర ఒకసారి, స్విచ్ వేయగానే అన్నిటికంటే ముందు లేచే బయాస్ దగ్గర ఒకసారి, విండోస్ దగ్గర ఒకసారి. ఎక్కడ ఆగిపోయిందో వెతికి పట్టుకోవడంలో ఉండే సంతోషం ఇంత వయసొచ్చినా నాకు తగ్గలేదు.

పాత కంప్యూటరంటే మన వైపు చులకన చేయడానికి లేదు. మనది మూల ప్రాంతమే అయినా కంప్యూటరు ఇక్కడికి తొందరగానే వచ్చింది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది, మదనపల్లెలో 1998లో మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒక పథకం మొదలుపెట్టినారు. ఆంధ్ర, తమిళ, కన్నడ సరిహద్దులు మూడూ కలిసే ఆ మూలలో సమాచార కేంద్రాలు తెరిచి, పల్లెల వాళ్లకు కంప్యూటరు అందుబాటులో పెట్టినారు. ఆ పథకంలో నాకు భలే నచ్చింది ఒకటుంది. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, దాన్ని నడిపే సోలారు పలక ఇచ్చినారు. వాళ్లు ఊర్లలో తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చేవాళ్లు. కరెంటు తీగ కూడా లేని చోట మన ఆడపిల్ల ఒకామె ఫొటో అచ్చు తీసి చేతిలో పెడుతుంటే చూసేవాళ్ల కళ్లు ఎంత పెద్దవై ఉంటాయో ఆలోచించండి.

ఇక టౌన్లలో అంగళ్ల వాళ్లయితే సొంతంగానే కంప్యూటర్లు కూర్పించుకున్నారు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు బస్సెక్కి, కుప్పం వాళ్లు రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి విడిభాగాలు తెచ్చుకునేవాళ్లు. సాదర్ పత్రప్ప రోడ్డు అని దాని నిండు పేరు. ఆ పెట్టెలు ఇంకా కొన్ని డీటీపీ సెంటర్లలో, ఫొటో స్టూడియోల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే, యూనికోడ్ ఇంత వాడుకలోకి రాకముందు తెలుగంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టినారు. ఆ ఫైలు తెరిస్తే అక్షరం అక్షరంలా కనబడాలంటే ఆ ఫాంటే కావాలి, ఆ సాఫ్ట్‌వేరే కావాలి, దానికి అలవాటైన పాత విండోసే కావాలి. కాబట్టి పెట్టె పాతదైనా పారేయలేరు. డిస్కు నిండిపోతుంది. నిండితే ఇంకోటి చేర్చాలి. మన కథ అక్కడ మొదలవుతుంది.

పుంగనూరులో నాకు తెలిసిన ఫొటో స్టూడియో అబ్బాయి ఒకడున్నాడు. వాడి 80 జీబీ డిస్కు పెళ్లి ఫొటోలతో నిండిపోయింది. 160 జీబీ డిస్కు ఒకటి తెచ్చి, పెట్టె మూత తీసి, వెడల్పాటి కేబులులో ఖాళీగా ఉన్న కొసకు తగిలించినాడు. స్విచ్ వేస్తే నల్ల తెర. కొత్తది కనబడలేదు సరే, అంతవరకు నిక్షేపంగా ఉన్న పాతది కూడా మాయమైంది. పాపం వాడి ముఖం చూడాలి. ‘సార్, ఊర్లో పెళ్లిళ్లన్నీ దీంట్లోనే ఉన్నాయి’ అన్నాడు. నేను, ‘ఏమీ కాలేదు నాయనా, ముందు కరెంటు ప్లగ్గు గోడలోంచి పీకు, ఆ ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకు’ అన్నాను. ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిటుక్కుమని ఆ చిప్పుల మీదికి దూకకుండా ముందే ఇనుములోకి దిగిపోవాలి. ఎండాకాలం పొడిగాలిలో ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు వెంకటరమణల సంగతి చెప్తా. తిరుపతి కొండ దగ్గరుండటం వల్ల మన వైపు ఇంటికొక వెంకటరమణ ఉంటాడు, తెలుసు కదా. తాత పేరని అన్న కొడుక్కూ పెడతారు, తమ్ముడి కొడుక్కూ పెడతారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే, అవ్వ వంటింట్లోంచి ‘ఒరే వెంకటరమణా’ అని కేకేస్తే ఇద్దరూ ఒకేసారి ‘ఆఁ’ అంటారు. ఎవరికి ఏం చెప్పిందో ఎవరికీ అర్థం కాదు. అందుకే పెద్ద వెంకటరమణ, చిన్న వెంకటరమణ అని విడదీసుకుంటారు. పాత కంప్యూటర్లో ఐడీఈ అనే ఆ వెడల్పాటి కేబులు సరిగ్గా అట్లాంటి ఇల్లు. ఒకే కేబులుకు రెండు డిస్కులు వేలాడతాయి. కంప్యూటరు ఏ మాట చెప్పినా ఆ మాట రెండింటికీ వినబడుతుంది. ఆ మాటతో పాటు ఒక్క బిట్టు పోతుంది. అది 0 అయితే పెద్దోడు జవాబివ్వాలి, 1 అయితే చిన్నోడు ఇవ్వాలి. ఒక్క బిట్టుతో రెండు పేర్లే పిలవగలం, అందుకే ఆ కేబులుకు రెండు డిస్కులకు మించి పట్టవు. పెద్దోడికి మాస్టర్ అనీ, చిన్నోడికి స్లేవ్ అనీ పేర్లు పెట్టినారు. అబ్బాయి తెచ్చిన డిస్కు కూడా వెనకటి యజమాని దగ్గర మాస్టరుగానే ఉండి వచ్చింది. ఇద్దరూ ‘నేనే పెద్దోణ్ని’ అని ఒకేసారి గొంతెత్తినారు. కంప్యూటరు చెవులు మూసుకుంది.

మరి డిస్కుకు నువ్వు చిన్నోడివని ఎట్లా చెప్పేది? ఇదిగో, ఇట్లా దగ్గరికి రండి, డిస్కు వెనక భాగం చూపిస్తా. ఈ పక్క లావుపాటి సూదులు నాలుగు, అది కరెంటు ప్లగ్గు దూరే చోటు. ఆ పక్క సన్నటి సూదులు రెండు వరసలు, అది డేటా కేబులు దూరే చోటు. ఈ రెండింటి మధ్య చూడండి, చిన్న సూదులు నాలుగైదు జతలు. వాటిలో ఒక జతకు నువ్వుగింజకంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంది. దాన్నే జంపరు అంటారు. టోపీ లోపల లోహపు రేకు ఉంటుంది, అది రెండు సూదులనూ కలిపేస్తుంది. ఏ జతను కలిపితే మాస్టరు, దేన్ని కలిపితే స్లేవు అన్నది డిస్కు నెత్తిన అంటించిన కాగితం మీదే బొమ్మ గీసి ఉంటుంది. కంపెనీకొక పద్ధతి, కాబట్టి ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. జంపరు వేళ్లతో రాదు, కనుబొమ్మల వెంట్రుకలు పీకే చిమ్మటా ఉంటే ఇట్టే వస్తుంది.

ఇక్కడే చాలామంది మరిచిపోయే కిటుకు ఒకటుంది. కొత్తదాని జంపరు మారిస్తే సరిపోతుందనుకుంటారు. కొన్ని వెస్ట్రన్ డిజిటల్ డిస్కులకు మాస్టరు అన్నది ఒక అమరిక, ఒంటరిగా ఉన్నప్పుడు వేరే అమరిక. ఒంటరిగా ఉన్నన్నాళ్లు దానికి తోడు లేదని తెలుసు. ఇప్పుడు తమ్ముడొచ్చినాడని దానికి కూడా చెప్పాలి. అంటే పాతదాని జంపరు కూడా కదపాలి. రెండు డిస్కుల మీది కాగితాలూ చదివి, రెండింటినీ సరిచూసినాకే కేబులు పెట్టాలి.

కేబుల్లోనూ చిన్న చమత్కారం ఉంది. మొదట్లో ఆ కేబులుకు 40 తీగలు ఉండేవి, సూదులు కూడా 40. తర్వాత వేగం పెరిగింది, సెకనుకు 66 మెగాబైట్లు అన్నారు. అంత వేగంలో పక్కపక్క తీగల్లో మాటలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కారిపోవడం మొదలుపెట్టినాయి. దానికేం చేసినారంటే, ప్రతి రెండు తీగల మధ్య ఊరకే భూమికి కలిపిన ఇంకో తీగ వేసినారు. తీగలు 80 అయినాయి, సూదులు మాత్రం 40యే. ఏ మాటా మోయకుండా నడుమ కూర్చుని గొడవ ఆపడమే ఆ అదనపు తీగల పని. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. ఈ 80 తీగల కేబులుకు మూడు రంగుల కొసలు ఉంటాయి. నీలం మదర్‌బోర్డుకు, నల్లది చివర మాస్టరుకు, బూడిదరంగు నడుమ స్లేవుకు. కేబులు అంచున ఎర్రగీత ఉంటుంది, అది ఒకటో నంబరు తీగ. మామూలుగా డిస్కు దగ్గర ఆ ఎర్రగీత కరెంటు ప్లగ్గు వైపే ఉండాలి. జంపరులో కేబుల్ సెలెక్ట్ అని మూడో అమరిక కూడా ఉంటుంది. రెండు డిస్కులకూ అదే పెడితే, ఏ కొసన ఉన్నారో దాన్నిబట్టి పెద్దా చిన్నా వాళ్లే తేల్చుకుంటారు. నడుమ కొసలో 28వ తీగ కలవదు, అంతే తేడా. ఆ ఒక్క తీగ అందనివాడు చిన్నోడు.

స్టూడియో అబ్బాయి పెట్టెలో జంపర్లు సరిచేసి స్విచ్ వేసినాం. పాతది కనబడింది. కొత్తది కనబడలేదు! వాడి ముఖం మళ్లీ వాడింది. నేను రీస్టార్ట్ చేయించినాను. ఈసారి రెండూ వచ్చినాయి. ఇదేం మాయ అని అడిగినాడు. మాయ కాదు. డిస్కు లోపల పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరగాలి. అంచు దగ్గర లెక్కేస్తే గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగం. మొలకలచెరువు ఘాట్లో బస్సు కలలో కూడా అంత పోదు. ఆ పళ్లెం మీద చదివే ముల్లు వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. ఆగి ఉన్న పళ్లెం ఆ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. బయాస్ తొందరపడి పిలిస్తే, అది ఇంకా లేస్తూనే ఉంటుంది, పలకదు. రీస్టార్ట్ చేసినప్పుడు పళ్లెం ఆగదు కాబట్టి పిలవగానే పలికింది. అట్లాంటప్పుడు బయాస్‌లో త్వరగా బూట్ అయ్యే అమరికను ఆపేస్తే సరి.

ఇంకో సంగతి. లేచేటప్పుడు డిస్కు 12 వోల్టుల తీగలోంచి దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది, తిరగడం అలవాటయ్యాక అంత అక్కర్లేదు. పసుపు తీగ 12 వోల్టులు, ఎర్రది 5 వోల్టులు, నల్లవి రెండూ భూమికి. రెండు డిస్కులు ఒకేసారి లేస్తే పెట్టెకు కరెంటు ఇచ్చే పాత ఎస్ఎంపీఎస్ తట్టుకోలేక పెట్టె తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకున్నా ముందు అనుమానించాల్సింది కరెంటునే. వేరే ప్లగ్గుకు మార్చి చూడండి. అప్పటికీ అదే చప్పుడు ఆగకపోతే మాత్రం ఆ డిస్కు నిజంగానే జబ్బులో ఉందని అర్థం, దాన్ని ఇంక తిప్పకుండా ఆపేయాలి.

సరే, రెండూ కనబడినాయి. కానీ 160 జీబీ అని కొన్నది బయాస్‌లో 137 అని చూపించింది. ‘అంగడివాడు మోసం చేసినాడు’ అన్నాడు అబ్బాయి. లేదు నాయనా, ఇది లెక్క. పలక తెచ్చుకోండి, చూపిస్తా. డిస్కును చిన్నచిన్న గదులుగా కోస్తారు, ఒక్కో గదిలో 512 బైట్లు. ప్రతి గదికీ ఒక నంబరు. పాత పద్ధతిలో ఆ నంబరు రాయడానికి 28 బిట్ల చోటే ఇచ్చినారు. ఒక్క బిట్టుతో రెండు నంబర్లు, రెండింటితో నాలుగు, మూడింటితో ఎనిమిది. ఇట్లా 28 సార్లు రెట్టిస్తూ పోతే 26 కోట్ల 84 లక్షల 35 వేల 456 నంబర్లు వస్తాయి. దాన్ని 512తో గుణిస్తే 13,743 కోట్ల 89 లక్షల 53 వేల 472 బైట్లు. అదే మన 137 జీబీ. ఆ పైన గదులున్నాయి, వాటికి రాయడానికి నంబరు లేదు, అందుకే కనబడలేదు. అంతకు ముందు తరం కంప్యూటర్లలో ఇదే ఇరుకు 528 మెగాబైట్ల దగ్గర వచ్చింది, తర్వాత 8.4 జీబీ దగ్గర వచ్చింది, కొన్ని బయాస్‌లకు 32 జీబీ దాటితే నోట మాట రాలేదు. ఆ చివరిదానికోసం డిస్కు కంపెనీలు తమ డిస్కును తామే 32 అని చెప్పుకునే జంపరు పెట్టినాయి. మీ పెద్ద డిస్కు 32గా కనబడితే ఆ జంపరు తగిలి ఉందేమో చూడండి, తీసేస్తే తిరిగి నిండుగా వస్తుంది.

28 చాలక 48 బిట్లు చేసినారు. ఇప్పుడు లెక్కేయండి. 14 కోట్ల జీబీలు దాటిపోతుంది! 1956లో ఐబీఎం వాళ్లు చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కు రామాక్‌లో రెండడుగుల పళ్లేలు 50 పెడితే పట్టింది 50 లక్షల అక్షరాలు. మీ సెల్లులో ఒక ఫొటోకే చాలీచాలని చోటు. దాని బరువు టన్ను దాకా ఉండేది. ఆ టన్ను ఇనుమును, ఈ 14 కోట్ల జీబీలను పక్కపక్కన తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. బయాస్‌కు ఒక్కదానికే 48 బిట్లు వస్తే చాలదు, విండోస్‌కూ రావాలి. ఎక్స్‌పీ అయితే సర్వీస్ ప్యాక్ 1గానీ ఆ తర్వాతదిగానీ ఉండాలి. విండోస్ 98కు సొంతంగా రాదు. అది రాని విండోస్‌తో 137 దాటి రాస్తే, నంబరు తిరిగి సున్నా నుంచి మొదలై, డిస్కు మొదట్లో ఉన్న సమాచారం మీదే కొత్తది పడిపోవచ్చు. ఆ అబ్బాయి ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ వేసి, మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చిన కొత్త బయాస్ ఎక్కించినాకే ఫొటోలు రాయించినాను.

బయాస్‌లో నిండుగా వచ్చింది, మై కంప్యూటర్‌లో మాత్రం లేదు అంటారా? అది మూడో చోటు. మై కంప్యూటర్ మీద కుడి క్లిక్కు కొట్టి మేనేజ్ లోకి, అక్కడ డిస్క్ మేనేజ్‌మెంట్ లోకి పోండి. అడుగున రెండో డిస్కు నల్లగీతతో కనబడుతుంది. దానికి భాగాలు చేసి, అక్షరం ఇచ్చి, ఫార్మాట్ చేస్తే వచ్చేస్తుంది. అయితే అది ఎవరి దగ్గరో వాడి వచ్చిన డిస్కయితే, లోపల వాళ్ల ఇంటి ఫొటోలు ఉండొచ్చు. నీలం గీత కనబడి అక్షరం ఒక్కటే లేకపోతే, అక్షరం ఇచ్చి ముందు తెరిచి చూడండి. ఫార్మాట్ నొక్కే ముందు సైజు చూసి, ఇది పాతదా కొత్తదా అని నోటితో పైకి చెప్పుకోండి. మాట పైకి వస్తే చెయ్యి నిదానిస్తుంది.

160 జీబీ డిస్కయినా విండోస్‌లో 149 అని కనబడుతుంది, భయపడొద్దు. కంపెనీ వెయ్యికి వెయ్యి లెక్కన చెప్తుంది, విండోస్ 1,024కు 1,024 లెక్కన కొలుస్తుంది. బైట్లు ఒక్కటి కూడా తగ్గలేదు.

మదనపల్లెలో ఒక డీటీపీ సెంటరులో ఇంకో తమాషా జరిగింది. విండోస్ 98 పెట్టె. సీలో విండోస్, డీలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఏళ్ల తరబడి పని. రెండో డిస్కు చక్కగా బిగించినారు, జంపర్లు సరిగ్గానే ఉన్నాయి. మరుసటి రోజు డీ తెరిస్తే ఖాళీ. లగ్గాల సీజను, అంగడి ముందు పత్రికల కోసం జనం. యజమానికి కాళ్లు చేతులు ఆడలేదు. నిజానికి ఒక్క ఫైలు పోలేదు, అంతా ఈలో భద్రంగా ఉంది. పాత విండోస్ అక్షరాలు పంచే పద్ధతి అది. ముందు ఒక్కో డిస్కులో మొదటి ప్రైమరీ భాగానికి అక్షరం ఇస్తుంది, ఆ తర్వాతే లోపలి లాజికల్ భాగాల దగ్గరికి వస్తుంది. కొత్త డిస్కులో ప్రైమరీ ఉండటంతో అది డీ అయి కూర్చుంది, పాత డీ జరిగి ఈ అయింది. పేజ్‌మేకర్ బొమ్మల దారులన్నీ డీనే వెతుకుతున్నాయి. మందు కూడా తేలికే. కొత్త డిస్కులో ప్రైమరీ చేయకుండా ఎఫ్‌డిస్క్‌తో ఎక్స్‌టెండెడ్ భాగం ఒక్కటే చేసి, అందులో లాజికల్ పెట్టాలి. అప్పుడు సీ సీగానే, డీ డీగానే ఉంటాయి, కొత్తది ఈ అవుతుంది. ఎక్స్‌పీ ఇచ్చిన అక్షరాన్ని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఈ తిప్పలు దాదాపు ఉండవు.

సన్నటి సాటా కేబులు వచ్చినాక పెద్దోడు చిన్నోడు గొడవే పోయింది, ఎవరి కేబులు వాళ్లది. అయినా వీయా కంపెనీ పాత చిప్పు వీటీ8237 ఉన్న మదర్‌బోర్డులకు కొత్త సాటా డిస్కు పెడితే అసలు కనబడకపోవచ్చు. డిస్కు వేగం దానికి అందదు. డిస్కు వెనక ఒక జంపరు పెట్టి వేగాన్ని సగానికి తగ్గిస్తే ఇద్దరికీ మాట కలుస్తుంది. రెండో డిస్కు చేర్చగానే ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని తెర మీద వస్తే, బయాస్ విండోస్ లేని డిస్కునుంచి మొదలుపెట్టాలని చూస్తోందని అర్థం. బూట్ వరసలో పాతదాన్ని ముందుకు జరపండి. ఆ వరస రోజూ మారిపోతూ, గడియారం కూడా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. వాచీ అంగట్లో దొరుకుతుంది.

పని అయ్యాక మిగిలిన జంపరును చెత్తలో వేయకండి నాయనా. డిస్కు వెనక ఒక్క సూదికే తొడిగి పక్కకు వేలాడదీయండి. ఒక్క సూదికి ఉంటే రెండూ కలవవు కాబట్టి అది లేనట్టే లెక్క, రేపు కావాల్సి వచ్చినప్పుడు ఉన్నచోటే ఉంటుంది.